యజమానుల జాబితాలో లేనివాళ్ళు

ఇంగ్లండులో బెర్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అందులో రీడింగ్ పట్టణానికి దక్షిణాన, లాడన్, బ్లాక్‌వాటర్ అనే రెండు చిన్న నదులు కలిసేచోట, స్వాలోఫీల్డ్ పార్క్ అనే పెద్ద ఇల్లు ఉంది. మన తెలంగాణ భాషలో చెప్పుకుంటే గడీ. చుట్టూ తోటలు, పచ్చిక బయళ్ళు, పక్కన చర్చి, ఎస్టేటు కింద ఊరు. 1901లో ఆ ఇంటి కోడలు లేడీ కాన్‌స్టాన్స్ రసెల్ ఆ ఇంటి చరిత్రను పుస్తకంగా అచ్చు వేయించింది. దాని పేరు 'స్వాలోఫీల్డ్, దాని యజమానులు'. రాజుల కాలం నుంచి తన అత్తింటివారి దాకా ఆ ఇల్లు ఎవరెవరి చేతులు మారిందో అందులో వరసగా రాసింది.

ముస్లింల అస్తిత్వం గురించి మాట్లాడుకునే పుస్తకంలో ఎక్కడో ఇంగ్లండు గడీ గొడవ ఎందుకని ఎవరైనా అడగొచ్చు. కారణం ఉంది. ఆ ఇంటి యజమానుల్లో ఇద్దరి సంపాదనకు మన తెలుగు నేలతో సంబంధం ఉంది. ఒకడికి కలిసొచ్చింది కృష్ణ ఒడ్డున దొరికిన వజ్రం. ఇంకొకడికి కలిసొచ్చింది హైదరాబాదు రెసిడెంటు ఉద్యోగం. ఆ ఇంటి గోడకు ఏళ్ళ తరబడి వేలాడిన ఒక చిత్రంలో ఉన్నది ఒక హైదరాబాదు ముస్లిం తల్లి కన్న ఇద్దరు పిల్లలు.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ దేశంలో మమ్మల్ని చూడగానే చాలామందికి నవాబులు గుర్తొస్తారు. మీరు ఏలినవాళ్ళు, మీ తాతలు దోచుకున్నవాళ్ళు అంటారు. పంక్చర్లు వేసుకునేవాడు, దూది ఏకేవాడు, మాంసం కొట్టుకునేవాడు, బీడీలు చుట్టే ఆడమనిషి, అందరూ నిజాం వారసులే! ఏలుబడి పాపం మాకు వాటాగా వచ్చింది. మరి ఆ ఏలుబడి సొమ్ము ఎటు పోయింది? అందులో కొంతైనా ఎటు పోయిందో చూడాలంటే స్వాలోఫీల్డ్ దాకా వెళ్ళాలి.

ప్రమాణం చేయనన్న దొర

మధ్యయుగాల్లో రాజుల కింద ఉన్న ఈ ఎస్టేటు 16వ శతాబ్దం చివరికి బ్యాక్‌హౌస్ అనే కుటుంబం చేతికి వచ్చింది. వాళ్ళలో విలియం బ్యాక్‌హౌస్ రసవాది. ఇనుమును బంగారం చేసే విద్య కోసం జీవితం ధారపోసినవాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియం ఎవరి పేరున ఉందో ఆ ఎలియాస్ ఆష్మోల్‌కు ఇతను గురువు. 1662లో ఇతను చనిపోయాడు. కూతురు ఫ్లవర్ బ్యాక్‌హౌస్ 1670లో హెన్రీ హైడ్‌ను పెళ్ళి చేసుకోవడంతో ఇల్లు హైడ్‌ల పాలైంది.

హెన్రీ హైడ్ మామూలు మనిషి కాదు. క్లారెండన్ రెండవ ఎర్ల్. అతని అక్కచెల్లెళ్ళలో ఒకరైన ఆన్ హైడ్ రెండవ జేమ్స్ రాజు మొదటి భార్య. ఆ తర్వాత ఇంగ్లండును ఏలిన మేరీ, ఆన్ అనే ఇద్దరు రాణులూ ఇతనికి మేనకోడళ్ళు. ఇప్పుడున్న ఇల్లు ఇతని కాలంలో, 1689 ప్రాంతంలో, విలియం టాల్మన్ అనే వాస్తుశిల్పి చేత కట్టించినదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో రాజు మారాడు. 1688లో రెండవ జేమ్స్‌ను వెళ్ళగొట్టి హాలండు నుంచి విలియంను తెచ్చుకున్నారు. కొత్త రాజుకు విధేయత ప్రమాణం చేయమని అందరినీ అడిగారు. హెన్రీ హైడ్ చేయనన్నాడు. ఒక రాజుకు మాట ఇచ్చాక అతను బతికుండగా ఇంకొకడికి ఎలా ఇస్తానన్నాడు. పాత రాజు కోసం కుట్ర చేస్తున్నాడని రెండుసార్లు లండన్ టవర్ జైల్లో పెట్టారు. తర్వాత విడిచిపెట్టారు. 1709లో చనిపోయేదాకా తన బతుకు తాను బతికాడు.

ఇక్కడ మేం ఆగి ఆలోచించాం. కొత్త రాజ్యానికి విధేయుణ్ణి కానని నోరు తెరిచి చెప్పిన మనిషి పేరు ఈరోజు ఆ దేశంలో గౌరవంగా చెప్పుకుంటారు. ఆ ఒక్కడు ప్రమాణం చేయలేదని అతని కులస్తుల్నీ మతస్తుల్నీ తరతరాలుగా ఎవరూ బోనులో నిలబెట్టలేదు. 1947 నుంచి ఇక్కడ మేం చేయని ప్రమాణం లేదు. అయినా క్రికెట్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ మళ్ళీ చేయమంటారు. ఏ రాజూ మారకపోయినా మా విధేయతకు మాత్రం ఏటేటా పరీక్ష!

కొల్లూరు రాయి

హైడ్‌ల తర్వాత ఈ ఇంటికి వచ్చిన ముఖ్యమైన యజమాని థామస్ పిట్. ఇతను మొదట ఈస్టిండియా కంపెనీ దృష్టిలో దొంగ వ్యాపారి. కంపెనీకి మాత్రమే ఉన్న వ్యాపార హక్కును లెక్కచేయకుండా బాలాసోర్ రేవులో సొంతంగా సరుకు కొని అమ్మేవాడు. పట్టుకుని జరిమానా వేశారు. లొంగలేదు. చివరికి కంపెనీయే అతన్ని తనలో కలుపుకుంది. 1698 నుంచి 1709 దాకా మద్రాసు కోటకు గవర్నరు అతనే.

ఆ గవర్నరుగిరీలోనే అతని చేతికి ఒక రాయి చిక్కింది. దాని పుట్టుక కొల్లూరు. ఈనాటి పల్నాడు జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న గని. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. లోకమంతా గోల్కొండ వజ్రాలు అంటుంది గానీ గోల్కొండ కోటలో వజ్రాలు దొరకలేదు. అవి దొరికింది కొల్లూరు లాంటి చోట్ల, గునపం పట్టినవాళ్ళకు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆ గనిలో ఆడా మగా పిల్లలూ కలిపి సుమారు 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోసేవాళ్ళు. 1687 దాకా ఆ గని కుతుబ్‌షాహీలది, తర్వాత ఔరంగజేబుది. పెద్ద రాయి దొరికితే అది పాలకుడికే చెందాలి. తవ్వినవాడికి దక్కేది కూలి.

ఈ రాయి ముడి తూకం 410 క్యారట్లు. పిట్ దాన్ని జామ్‌చంద్ అనే వజ్రాల వ్యాపారి దగ్గర 48,000 వరహాలకు, ఇంగ్లీషు లెక్కలో సుమారు 20,400 పౌండ్లకు కొన్నాడు. లండనులో సానపట్టిస్తే 140 క్యారట్ల చిల్లర మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి ఓర్లియాన్ డ్యూక్‌కు 1,35,000 పౌండ్లకు అమ్మాడు. ఇప్పుడది 'రీజెంట్ వజ్రం' పేరుతో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

ఈ రాయి గురించి జనంలో ఒక కథ పుట్టింది. గనిలో పనిచేసే బానిస ఒకడు కాలిపిక్కను కోసుకుని, ఆ గాయం కట్టులో రాయి దాచుకుని తప్పించుకున్నాడట. ఒడ్డు దాటిస్తానన్న ఓ ఇంగ్లీషు ఓడ కెప్టెను రాయి లాక్కుని వాణ్ణి సముద్రంలోకి తోసేశాడట. ఇది నిజమని రుజువేమీ లేదు. అయితే ఈ రాయి దొంగసొమ్మన్న పుకారు మాత్రం పిట్‌ను ఇంగ్లండు దాకా వెంటాడింది. 1710లో ఇంటికి పోతూ నార్వేలోని బెర్గెన్‌లో కూర్చుని, తాను దాన్ని న్యాయంగానే కొన్నానని దేవుడి సాక్షిగా వాంగ్మూలం రాసుకున్నాడు. దొర చేతిలో కలముంది కాబట్టి వాంగ్మూలం మిగిలింది. కూలీ చేతిలో ఉన్నది గునపం. వాడి పేరు తెలియదు, కులం తెలియదు, మతం తెలియదు. వాడు దూదేకుల వాడో మాలవాడో వడ్డెరవాడో ఎవరూ రాయలేదు.

వజ్రం సొమ్ము వచ్చాక పిట్ ఇంగ్లండు దక్షిణ జిల్లాల్లో వరసగా ఎస్టేట్లు కొన్నాడు. వాటిలో స్వాలోఫీల్డ్ ఒకటి. 1726లో అక్కడే చనిపోయాడు. అంతకు ముందే అతను భారత వ్యాపారంలో గడించిన సొమ్ముతో ఓల్డ్ సారం అనే దాదాపు ఓటర్లు లేని నియోజకవర్గాన్ని కొని పెట్టుకున్నాడు. 1735లో అతని మనవడు విలియం పిట్ పార్లమెంటుకు వెళ్ళింది ఆ సీటు నుంచే. ఆ మనవడే తర్వాత ఇంగ్లండు యుద్ధమంత్రాంగాన్ని నడిపాడు. ఆ యుద్ధంలోనే, 1759 ఏప్రిల్‌లో, కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళను ఓడించి మచిలీపట్నం కోట పట్టుకున్నాడు. కోస్తా తెలుగు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ పాలు కావడానికి దారి అక్కడ పడింది. మచిలీపట్నం పేరు గుర్తుపెట్టుకోండి. ఈ కథలో మళ్ళీ వస్తుంది.

రెసిడెంటు సంపాదన

పిట్‌ల తర్వాత స్వాలోఫీల్డ్ ఒక పార్లమెంటు సభ్యుడికి, ఓ బ్యాంకు యజమానికి, మరికొందరికి చేతులు మారి 1820లో రసెల్ కుటుంబానికి వచ్చింది. కొన్న పెద్దాయన సర్ హెన్రీ రసెల్ కలకత్తా సుప్రీం కోర్టులో ప్రధాన న్యాయమూర్తిగా చేసి 1813లో రిటైరయినవాడు. అతని కొడుకు పేరు కూడా హెన్రీ రసెలే. ఆ కొడుకు 1811 చివరి నుంచి 1820 దాకా హైదరాబాదు రెసిడెంటు. ఇంకో కొడుకు చార్లెస్ కూడా హైదరాబాదు రెసిడెన్సీలో పనిచేసినవాడే. అంటే ఆ ఇంటికి వచ్చేనాటికి తండ్రీకొడుకుల సంపాదన అంతా హిందూస్తాన్ సంపాదనే.

రెసిడెంటు అంటే పేరుకు రాయబారి. పనికి పైదొర. 1798 ఒప్పందంతో నిజాం తన ఫ్రెంచి సైన్యాన్ని రద్దు చేసుకున్నాడు. 1800 ఒప్పందంలో కంపెనీ సైన్యం ఖర్చు కింద ఇప్పటి రాయలసీమ జిల్లాలను ఇచ్చేశాడు. దత్తమండలమన్న పేరు అప్పుడొచ్చిందే. భూమి ఇచ్చాక ఇక సైన్యం ఖర్చు తీరిపోయిందనుకోవాలి కదా. తీరలేదు. రెసిడెంటు రసెల్ హయాంలో ఇంకో సైన్యం పెరిగింది. మొదట్లో దాన్ని రసెల్ బ్రిగేడ్ అనేవాళ్ళు. తర్వాత హైదరాబాదు కంటింజెంట్ అయ్యింది. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, అజమాయిషీ రెసిడెంటుది, జీతాలు మాత్రం నిజాం ఖజానావి. ఏటా 40 లక్షల దాకా ఖర్చు. పాపం మన నిజ్జీ ఉన్నాడుగా, అన్నీ అతనే కడతాడని దొరలు తాగి నవ్వుకునేవాళ్ళు.

ఖజానాలో డబ్బు లేకపోతే అప్పు. అప్పు ఇవ్వడానికి 1814లో హైదరాబాదులోనే విలియం పామర్ కంపెనీ వెలిసింది. వడ్డీ నూటికి ఇరవై దాటేది. ఆ కంపెనీలో ఎవరెవరున్నారో చూడండి. విలియం పామర్ తండ్రి ఇంగ్లీషు జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ అనే ముస్లిం కులీన స్త్రీ. భాగస్వాముల్లో ఓ గుజరాతీ సాహుకారు ఉన్నాడు, గవర్నర్ జనరల్ ఇంటి పిల్లను పెళ్ళాడిన ఓ దొర ఉన్నాడు. అప్పు తీసుకునే సర్కారులో నిజాం సికందర్ జా ముస్లిం, పెత్తనమంతా చేతుల్లో పెట్టుకున్న చందూలాల్ హిందువు. ఇచ్చేవాళ్ళలో అన్ని మతాలూ ఉన్నాయి, పుచ్చుకునేవాళ్ళలో అన్ని మతాలూ ఉన్నాయి. తీర్చాల్సింది మాత్రం రైతు. శిస్తు వసూలును గుత్తకిచ్చారు. గుత్తేదారు పిండుకున్నాడు. ఊళ్ళు విడిచి జనం వలసపోయారు. రసెల్ తర్వాత రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ పల్లెలు తిరిగి ఆ దుస్థితిని కలకత్తాకు రాశాడు.

రసెల్ అవినీతి ఆరోపణల నీడలో 1820లో ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. స్వాలోఫీల్డ్‌లో స్థిరపడ్డాడు. ఇక్కడ అప్పులు మిగిలాయి. ఉత్తర సర్కారుల మీద ఇంగ్లీషువాళ్ళు నిజాంకు ఏటా 7 లక్షల పేష్కష్ కట్టాలి. 1823లో ఆ హక్కును శాశ్వతంగా ఒక్క మొత్తానికి కొనేసి, ఆ డబ్బుతో పామర్ అప్పు తీర్చారు. కోస్తాంధ్ర మీద హైదరాబాదుకు మిగిలిన చివరి హక్కు అలా వడ్డీల కింద పోయింది. కంటింజెంట్ జీతాల బాకీ పెరిగి పెరిగి 1853లో బేరార్ కూడా పోయింది.

ఇదంతా చదివాక మాకు తోచేది ఒక్కటే. హైదరాబాదు దర్బారులో ముస్లిం కులీనులు సుఖపడ్డారన్నది అబద్ధం కాదు. మా పేద ముస్లింలు ఆ కులీనుల్ని వెనకేసుకు రావలసిన అవసరం ఏమాత్రం లేదు. అయితే ఆ దర్బారు లెక్కలో కంపెనీ దొరల ఖాతా, సాహుకార్ల ఖాతా చించేసి, నవాబు ఖాతా ఒక్కటే మా మొహాన కొట్టడం ఏ న్యాయం?

ఖైరున్నిసా

హెన్రీ రసెల్ హైదరాబాదు నుంచి పట్టుకుపోయింది డబ్బు మాత్రమే అయితే ఈ కథ ఇక్కడ ముగిసేది.

రసెల్ కుర్ర అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1798, 1800 ఒప్పందాలు నడిపింది ఇతనే. కోఠీలో రెసిడెన్సీ భవనం కట్టించిందీ ఇతనే. దివాన్ మీర్ ఆలం బంధువుల కుటుంబంలోని ఖైరున్నిసా అనే అమ్మాయిని ఇస్లాం స్వీకరించి నికా చేసుకున్నాడు. దాని మీద కంపెనీ విచారణలు కూడా జరిపింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. అబ్బాయి మీర్ గులాం అలీ, ముద్దుపేరు సాహెబ్ ఆలం. అమ్మాయి నూరున్నిసా, సాహెబ్ బేగం.

1805లో పిల్లల్ని చదువు కోసమని ఇంగ్లండు పంపారు. అబ్బాయికి నాలుగేళ్ళు, అమ్మాయికి మూడు. తల్లి వద్దన్నా వినేదెవరు? ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు ఆ పిల్లలిద్దరి బొమ్మ గీశాడు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పందొమ్మిదేళ్ళకే ఖైరున్నిసా వితంతువైంది. పిల్లలు మళ్ళీ కంటపడలేదు.

భర్త సమాధి చూడటానికి తల్లి షరఫున్నిసాతో కలిసి ఆమె కలకత్తా వెళ్ళింది. అక్కడ కిర్క్‌పాట్రిక్ వీలునామా వ్యవహారాలు చూస్తున్న హెన్రీ రసెల్ ఆమెకు దగ్గరయ్యాడు. సంబంధం బయటపడింది. హైదరాబాదులో అడుగు పెట్టడానికి వీల్లేదని దివాన్ మీర్ ఆలం ఆంక్ష పెట్టాడు. ఖాందాన్ పరువు పోయిందట! అలా 1807లో తల్లీకూతుళ్ళు మచిలీపట్నంలో ఆగిపోయారు. పిట్ మనవడి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చిన అదే మచిలీపట్నం. రసెల్ మాత్రం 1808లో మద్రాసులో జేన్ కాసమేజర్ అనే దొరసానిని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ కొన్ని నెలలకే చనిపోయింది. అయినా ఖైరున్నిసా కోసం రసెల్ రాలేదు.

మీర్ ఆలం చనిపోయాకే ఖైరున్నిసా హైదరాబాదు రాగలిగింది. 1813 సెప్టెంబరులో, సుమారు 27 ఏళ్ళ వయసులో, రెసిడెన్సీలోని రంగ్‌మహల్‌లో కన్నుమూసింది. అప్పుడు ఆ రెసిడెన్సీకి పెద్దదొర హెన్రీ రసెలే.

ఈ సంగతులు బయటికి తెలిసింది ఎక్కువగా రసెల్ కాగితాల నుంచి. అవి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అంటే ఆమె మాటలు కూడా మన దాకా వచ్చింది ఆమెను వదిలేసిన మగవాడి పెట్టెలోంచే.

ఇక్కడ మేం దొర ఒక్కణ్ణే తిట్టి ఊరుకోలేం. ఆమెను వాడుకుని వదిలేసింది దొర. ఊరికి రానివ్వకుండా తలుపు మూసింది మనవాడు. ఒకడికి అధికారం అక్కర, ఇంకొకడికి పరువు అక్కర. ఆమె అక్కర ఏమిటో ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు. ముస్లిం స్త్రీ పేరెత్తగానే బయటివాళ్ళు పర్దా గురించి మాట్లాడతారు, లోపలివాళ్ళు ఇజ్జత్ గురించి మాట్లాడతారు. రెండువందల ఏళ్ళ కిందట మచిలీపట్నంలో ఆమెను నిలబెట్టిన చోటే ఇప్పటికీ చాలామంది ఆడవాళ్ళను నిలబెడుతున్నారు. మా అస్తిత్వం గురించి మేం రాసుకునే రాతల్లో ఇది రాయకపోతే ఆ రాతలకు విలువ లేదు.

గోడ మీది బొమ్మ

పిల్లలిద్దరూ ఇంగ్లండు చేరాక 1806లో లండను చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. నూరున్నిసా కేథరిన్ అరోరా అయ్యింది. ఇంట్లో కిట్టీ అని పిలిచారు. అబ్బాయి 1828లో చనిపోయాడు. కిట్టీ 1829లో కెప్టెన్ ఫిలిప్స్ అనే సైనికాధికారిని పెళ్ళి చేసుకుంది. రచయిత థామస్ కార్లైల్ పడుచువాడుగా ఉన్నప్పుడు ఆమెను ఎరుగును. ఆమె అందం గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు కూడా.

మద్రాసులో చిన్నరీ గీసిన బొమ్మ మాత్రం హెన్రీ రసెల్ చేతికి చిక్కింది. అతనితో పాటు అదీ ఓడెక్కి స్వాలోఫీల్డ్ గోడకు చేరింది. హైదరాబాదు జరీ బట్టల్లో, తలమీద టోపీలతో, అన్నా చెల్లెలు పక్కపక్కన నిలబడి ఉన్న బొమ్మ. 1840ల ప్రాంతంలో కిట్టీ ఒకసారి ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళింది. గోడ మీద తన్నూ తన అన్ననూ చూసుకుని ఏడ్చేసింది. ఆ బొమ్మ తన తదనంతరం ఆమెకే చెందాలని రసెల్ వీలునామా రాశాడు. 1852లో అతను పోయాక అది ఆమెకు చేరింది. ఇప్పుడది ఓ పెద్ద బ్యాంకు సేకరణలో ఉంది.

1841లో ఆమెకు ఇంకో సంగతి తెలిసింది. అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదులో ఇంకా బతికే ఉంది! ముప్పై ఆరేళ్ళ తర్వాత మనవరాలు నానీకి ఉత్తరం రాసింది. ఇంగ్లీషులో. నానీ ఫారసీలో చెప్పి రాయించింది. రెసిడెన్సీ అధికారి ఒకాయన మధ్యవర్తిగా ఉండి అటూఇటూ ఉత్తరాలు చేరవేయించాడు. తల్లి వెంట్రుకల పాయ ఒకటి హైదరాబాదు నుంచి ఆమెకు చేరింది. ఒకళ్ళ భాష ఒకళ్ళకు రాదు. ఒకళ్ళ దేవుడి పేరు ఇంకొకళ్ళకు పరాయి అయిపోయింది. అయినా ఆ ఉత్తరాలు 1847లో నానీ చనిపోయేదాకా నడిచాయి. కిట్టీ 1889లో టార్కీ అనే సముద్రపు ఊళ్ళో కన్నుమూసింది.

ఈమె ఎవరు? ముస్లిమా, క్రైస్తవురాలా? హైదరాబాదీయా, ఇంగ్లీషు మనిషా? అడిగేవాళ్ళు ఏదో ఒకటి తేల్చమంటారు. మమ్మల్నీ అట్లాగే అడుగుతారు. ముందు తెలుగువాళ్ళా, ముందు ముస్లింలా తేల్చండి అంటారు. తెలుగులో రాస్తే ఆశ్చర్యపోతారు. ఉర్దూ మాట్లాడితే అనుమానిస్తారు. ఇంట్లో 'అమ్మా' అని పిలిచే దూదేకుల పిల్లవాడు, ఇంట్లో 'అమ్మీ' అని పిలిచి బడిలో వేమన పద్యం చెప్పే షేక్‌ల పిల్లవాడు, ఇద్దరూ తెలుగు ముస్లింలే. నాలుగేళ్ళ వయసులో పేరు మార్చినంత మాత్రాన గోడ మీది బొమ్మ చూసి ఏడుపు రాకుండా ఆగలేదు కదా. మనిషికి ఒకే గది ఉండాలన్న నియమం ఎవరు పెట్టారు?

లెక్క

రెండవ హెన్రీ రసెల్ తర్వాత అతని కొడుకు సర్ చార్లెస్ స్వాలోఫీల్డ్ యజమాని అయ్యాడు. క్రిమియా యుద్ధంలో ఇంకర్మన్ దగ్గర పోరాడి విక్టోరియా క్రాస్ పొందినవాడు. అతని తర్వాత తమ్ముడు జార్జ్. ఆ జార్జ్ భార్యే మొదట చెప్పిన పుస్తకం రాసిన లేడీ కాన్‌స్టాన్స్. 1965లో రసెల్‌ల చేతినుంచి ఇల్లు జారిపోయింది. ఇప్పుడు అది అపార్టుమెంట్లుగా విడిపోయి ఉంది. అందులో ఉంటున్నవాళ్ళకు కొల్లూరు తెలిసి ఉండాల్సిన పని లేదు.

దానికి జోడీ లాంటి ఇల్లు మన కోఠీలో ఉంది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని దాడి చేసింది ఆ రెసిడెన్సీ మీదే. ఆ కబురు దొరలకు ముందే చేరవేసింది దివాన్ సాలార్ జంగ్. తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీ అండమాన్ జైల్లో పోయాడు. దివాన్‌కు బిరుదులొచ్చాయి. ముగ్గురూ ముస్లింలే! ముస్లింలంతా ఒక్కటే ముద్ద అనుకునేవాళ్ళు ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. 1949 తర్వాత ఆ భవనం ఆడపిల్లల కాలేజీ అయ్యింది. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరున మహిళా విశ్వవిద్యాలయం. ఖైరున్నిసా కన్నుమూసిన ఆవరణలో అన్ని కులాల, అన్ని మతాల ఆడపిల్లలు చదువుకుంటున్నారు. ఒక ఇంటికి అంతకంటే మంచి వారసులు ఎవరు దొరుకుతారు?

లేడీ కాన్‌స్టాన్స్ తన ఇంటి యజమానుల పేర్లన్నీ రాసింది. దస్తావేజులున్నవాళ్ళ చరిత్ర అట్లాగే ఉంటుంది. మేం ఆ ఇంట్లో వాటా అడగడం లేదు. గనిలో మట్టి మోసిన ఆడమనిషి, ఊరొదిలి వలసపోయిన తెలంగాణ రైతు, మచిలీపట్నంలో ఎదురుచూసిన ఖైరున్నిసా, పేరు మార్చుకున్న నూరున్నిసా, వీళ్ళు కూడా ఆ ఇంటి చరిత్రలో ఉన్నారని చెబుతున్నాం. ఈసారి ఎవరైనా మమ్మల్ని నవాబుల వారసులని అంటే, మా తాతల పేర్లు వెతకవలసిన చోటు ఇదేనని చెబుతాం. మేం వారసులమైతే ఈ పేర్లు లేనివాళ్ళకే. ఆ వారసత్వం మా ఒక్కరిదే కాదు, మీది కూడా.